వాన నీళ్లు ఎటు పోతాయి? హైస్కూల్ పిల్లలకి ఇండియా జాగ్రఫీ ఇలా చెప్పి చూడండి

హైస్కూల్లో సోషల్ చెప్పే మాస్టార్లకి, టీచర్లకి, ముఖ్యంగా ఈ ఏడాదే కొత్తగా పోస్టింగ్ వచ్చినవాళ్లకి ఇది రాస్తున్నా. తొమ్మిదో క్లాసు పిల్లని లేపి ఇండియా ఏ అక్షాంశాల మధ్య ఉందమ్మా అని అడగండి, 8 డిగ్రీల 4 నిమిషాల నుంచి 37 డిగ్రీల 6 నిమిషాల ఉత్తర అక్షాంశాల దాకా అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తుంది. అదే పిల్లని మీ ఊరి పక్క వాగు ఎక్కడికి పోతుంది అని అడగండి, పక్కనున్న పిల్ల వైపు చూస్తుంది. అక్కడే మనం ఎక్కడ తప్పుతున్నామో తెలిసిపోతుంది. వాళ్లకి గుర్తు లేక కాదండి, మనం వాళ్ల కాళ్ల కింద ఉన్న నేలకీ గోడమీద వేలాడే మ్యాప్‌కీ ముడి వేయలేదు, అంతే.

నేను చేసేది ఏంటంటే ఏడాది మొత్తం ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుంటా. ఇక్కడ పడ్డ వాన ఎటు పోతుంది, అటే ఎందుకు పోతుంది. కొండలు, పీఠభూమి, నదులు, రుతుపవనాలు, నేలలు, పంటలు, ఊళ్లు అన్నీ ఈ ప్రశ్న వెంబడే వచ్చేస్తాయి. టెక్స్ట్‌బుక్‌లో మొదట ఉండే ఉనికి, విస్తీర్ణం పాఠాన్ని నేను కొన్ని వారాలు పక్కన పెడతా, అది తర్వాత చెప్తే పిల్లలకి చాలా తేలిగ్గా ఎక్కుతుంది, ఎలాగో కింద చెప్తా. హెడ్మాస్టర్ గారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి, సిలబస్ ఆర్డర్ మారింది కానీ ఏదీ వదలట్లేదు అని, లేకపోతే లెసన్ ప్లాన్ చూసినప్పుడు ఇబ్బంది అవుతుంది.

మొదటి రోజు: రెండు బకెట్ల నీళ్లు

పుస్తకం తెరవొద్దు. పిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకెళ్లి రెండు బకెట్ల నీళ్లు ఒక చోట పోయించండి. నీళ్లు ఎటు పారతాయో పోయకముందే చేతులెత్తి చెప్పమనండి, చాలామంది తప్పు చెప్తారు, ఎందుకంటే గ్రౌండ్ చదునుగా ఉందని మన కళ్లు అనుకుంటాయి, నీళ్లు మాత్రం మోసపోవు. అవి గోడ పక్కకి పోయి, అక్కడి నుంచి కాలవలోకి, కాలవ నుంచి... ఇక్కడ ఆపేసి మిగతాది హోంవర్క్ ఇవ్వండి. ఇంట్లో తాతనో నాయనమ్మనో అడిగి రావాలి, మన కాలవ ఏ వాగులో కలుస్తుంది, ఆ వాగు ఏ ఏట్లో కలుస్తుంది, చివరికి ఎక్కడికి చేరుతుంది అని.

తాతల్నే ఎందుకు అడగమంటున్నానో చెప్తా. నేను ఒంగోలు వైపు మెట్ట ప్రాంతంలో పని చేస్తున్నప్పుడు మొదటి ఏడాది క్లాసులో మన నీళ్లన్నీ కృష్ణలోకే పోతాయి అనేశా, దగ్గర్లో పెద్ద నది అదే కదా అనుకుని. మర్నాడు ఒక అబ్బాయి వచ్చి, సార్ మా తాత అట్ల కాదంటున్నాడు, మనది గుండ్లకమ్మ, అది కృష్ణలో కలవదు, నేరుగా సముద్రంలోకే పోతుంది అన్నాడు. ఆ తాత చెప్పిందే నిజం. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, ఒంగోలు దగ్గర తనంతట తానే బంగాళాఖాతంలో కలుస్తుంది. నేను క్లాసులో అందరి ముందు ఒప్పుకుని బోర్డు మీద దిద్దా. ఆ రోజు నుంచి నల్లమల పాఠం నాకు ఇంకోలా కనబడింది. అదే కొండ వరస మీద తూర్పు వైపు పడ్డ వాన గుండ్లకమ్మలోకి, పడమర నంద్యాల వైపు పడింది కుందూలోకి పోయి పెన్నలోకి, ఉత్తరాన శ్రీశైలం వైపు పడింది కృష్ణలోకి పోతుంది. ఒకే మబ్బు, ఒకే కొండ, మూడు నదులు. జలవిభాజకం, అంటే వాన నీళ్లని వేర్వేరు నదులకి పంచే గట్టు, అనే పదం ఈ ఒక్క ఉదాహరణతో పిల్లలకి జన్మలో మర్చిపోకుండా వస్తుంది.

మీ ఊరికి మీ గొలుసు మీరు తయారు చేసుకోవాలి. హైదరాబాద్ పిల్లలైతే మూసీ, అది వికారాబాద్ అనంతగిరి గుట్టల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కరీంనగర్ అయితే మానేరు, గోదావరి. ఆదిలాబాద్ అయితే పెన్‌గంగ, వార్ధా, ప్రాణహిత, ఆ తర్వాత గోదావరి. అనంతపురం వైపు చిత్రావతి, పెన్న. శ్రీకాకుళానికి వంశధార, నాగావళి. తిరుపతి వైపు స్వర్ణముఖి. సరిగ్గా తెలియకపోతే సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసుకుని మీ మండలం టోపోషీట్ దించుకోండి, 1:50,000 స్కేలు, అంటే మ్యాప్ మీద 2 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటర్. నీలం గీతలు వాగులు, గోధుమ రంగు గీతలు ఎత్తు చూపించే కాంటూర్లు. పిల్లల ఊళ్లు, చెరువులు, ఒక్కోసారి గుడి కూడా అందులో కనబడుతుంది, అది చూసినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి. ఇస్రో వాళ్ల భువన్ పోర్టల్లో శాటిలైట్ ఫొటో కూడా పక్కన పెట్టి చూపిస్తే ఇంకా బాగుంటుంది, స్కూల్లో ప్రొజెక్టర్ లేకపోతే ఫోన్‌లో నలుగురు నలుగురికి చూపించినా చాలు.

రెండో పని: గ్రౌండ్‌లో మట్టి ఇండియా

ఈ కోర్సులో అన్నిటికంటే ఎక్కువ టైం దీనికే పెట్టండి. మూడు నాలుగు పీరియడ్లు పోతాయి, పోనివ్వండి.

ముందు కొలతలు. ఇండియా ఉత్తరం నుంచి దక్షిణం దాకా 3,214 కిలోమీటర్లు, తూర్పు పడమరలు 2,933 కిలోమీటర్లు. కాబట్టి 1 మీటర్‌కి 1000 కిలోమీటర్లు అనుకుంటే 3.2 మీటర్లు పొడవు, సుమారు 2.9 మీటర్లు వెడల్పు జాగా చాలు. 1 సెంటీమీటర్‌కి 100 కిలోమీటర్ల స్కేలు ఉన్న అవుట్‌లైన్ మ్యాప్ తీసుకుని దానిమీద 2.5 సెంటీమీటర్ల గళ్లు గీయండి, నేల మీద పురికొసతో 25 సెంటీమీటర్ల గళ్లు కట్టండి, ఒక్కో గడిలో ఏముందో చూసి ఆడపిల్లలు మగపిల్లలు అందరూ ముగ్గుపిండితో గీసేస్తారు. ముగ్గులేసే చేతులకి ఈ గళ్ల లెక్క చెప్పక్కర్లేదు. ఇంట్లో చూసి నేర్చుకున్న పనే కాబట్టి, క్లాసులో వెనక బెంచీలో కూర్చునే పిల్లలు కూడా ఇక్కడ ముందుకొస్తారు.

ఒక జాగ్రత్త. అవుట్‌లైన్ ఎక్కడ పడితే అక్కడ నెట్‌లో దొరికింది ప్రింట్ తీయొద్దు. జమ్మూ కాశ్మీర్, లడఖ్, అరుణాచల్ సరిహద్దులు సర్వే ఆఫ్ ఇండియా మ్యాప్‌లో ఉన్నట్టే ఉండాలి, బయటి దేశాల వెబ్‌సైట్లలో చాలాచోట్ల చుక్కల గీతలో, కోసేసో ఉంటాయి. పిల్లలు ఒకసారి తప్పు ఆకారం చేతికి అలవాటు చేసుకుంటే తర్వాత మార్చడం చాలా కష్టం.

ఇప్పుడు మట్టి. చెరువు నుంచి తెచ్చిన బంకమట్టి మంచిది. పోసే ముందు పిల్లల చేత ఒక లెక్క చేయించండి. కాంచనగంగ ఎత్తు సుమారు 8.6 కిలోమీటర్లు, మన స్కేలు ప్రకారం ఎంత వస్తుంది? 8.6 మిల్లీమీటర్లు! చిటికెన వేలు గోరంత కూడా లేదు. ఇంత పెద్ద హిమాలయాలు భూమి మీద ఇంత పల్చటి ముడతా అని పిల్లలు నోరు తెరుస్తారు. అందుకే ఎత్తు మాత్రం 20 రెట్లు పెంచుతున్నాం అని చెప్పి పెంచండి, కాంచనగంగ దగ్గర 17 సెంటీమీటర్లు, దక్షిణాన అనైముడి 2,695 మీటర్లు కాబట్టి అయిదున్నర సెంటీమీటర్లు, దక్కన్ పీఠభూమి సగటున ఒకటిన్నర సెంటీమీటర్ మందం.

అసలు కిటుకు పీఠభూమిలో ఉంది. మొదటిసారి నేను దాన్ని చపాతీలా సమంగా వేయించా. తర్వాత నాసిక్ దగ్గర చెంబుతో సన్నగా నీళ్లు పోస్తే రాజమండ్రి వైపు రావాల్సినవి వెనక్కి తిరిగి అరేబియా సముద్రంలోకి పోయాయి. పిల్లలంతా సార్ గోదారి అటు పోతోంది అని అరిచారు. ఆ తప్పు వల్లే పాఠం బ్రహ్మాండంగా నడిచింది, ఇప్పుడు కావాలనే మొదట చదునుగా వేయిస్తా. ఎందుకు అటు పోయింది, రాజమండ్రి రావాలంటే ఏం చేయాలి అని వాళ్లనే అడగండి. పడమర అంచు ఎత్తు చేయాలి సార్, తూర్పుకి వాలు పెట్టాలి అంటారు. పడమటి కనుమలు ఎత్తు, తూర్పు కనుమలు తక్కువ ఎత్తు, అవీ ముక్కలు ముక్కలుగా తెగిపోయి ఉంటాయి అని పుస్తకంలో ఉన్న వాక్యం వాళ్ల చేతుల్లోంచి వచ్చేసింది చూడండి. తూర్పు కనుమలు ఎందుకు తెగాయి? గోదావరి, కృష్ణ, పెన్న కోసుకుంటూ పోయాయి కాబట్టి. పాపికొండలు చూసినవాళ్లు, గండికోట చూసినవాళ్లు క్లాసులో ఎవరో ఒకరు ఉంటారు, వాళ్ల చేత చెప్పించండి.

గోదావరి పుట్టే నాసిక్ పక్క త్రయంబకం నుంచి అరేబియా సముద్రం 80 కిలోమీటర్ల దూరమే, అయినా గోదావరి దానికి వీపు పెట్టి 1,465 కిలోమీటర్లు నడిచి మన దగ్గరికొచ్చి బంగాళాఖాతంలో కలుస్తుంది. మన మ్యాప్‌లో ఆ 80 కిలోమీటర్లు 8 సెంటీమీటర్లు. స్కేలు పెట్టి కొలిపించండి. తర్వాత నర్మద, తపతి ఎందుకు ఎదురు దిక్కుకి పోతాయో చూపించడానికి వింధ్య, సాత్పురా గట్లు పెట్టి మధ్యలో వేలితో లోతు గాడి తీయండి, ఆ గాడే పగులు లోయ. ఉత్తరం నుంచి వరస గుర్తుంచుకోమనండి: వింధ్య, నర్మద, సాత్పురా, తపతి. మ్యాప్ పాయింటింగ్‌లో నర్మదని తపతిగా రాసే పిల్లలు చాలామంది, మట్టిలో గాడి తీసిన పిల్లలు మాత్రం తడబడరు.

ఇంకో ప్రయోగం, ఇది నాకు చాలా ఇష్టం. కూల్‌డ్రింక్ షాపు నుంచి అయిసు ముక్కలు తెచ్చి గంగోత్రి దగ్గర పెట్టండి, నాసిక్ దగ్గర ఒక గ్లాసు నీళ్లు ఒక్కసారే పోయండి. గోదావరి గాడి కాసేపట్లో ఎండిపోతుంది, గంగ గాడిలో సన్నగా చెమ్మ పారుతూనే ఉంటుంది. హిమాలయ నదులు ఎండాకాలంలో కూడా ఎందుకు పారతాయి, మన నదులు ఏప్రిల్‌లో ఇసుక తిన్నెలు ఎందుకు అవుతాయి అన్నది ఆ అరగంటలో అయిపోతుంది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట, నాగార్జున సాగర్ ఎందుకు కావాలో కూడా అక్కడే అడగండి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయకముందు గోదావరి జిల్లాల్లో కరువులు ఉండేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు, పక్కనే అంత పెద్ద నది ఉండగా అంటారు. వాన పడ్డప్పుడే వచ్చే నదికి నీళ్లు ఆపుకునే చోటు లేకపోతే పక్కన ఉన్నా ఏం లాభం అని మట్టి మ్యాప్ మీదే చూపించొచ్చు.

అండమాన్ మర్చిపోకండి. పిల్లలు గీసే ఇండియా మ్యాపుల్లో సగం వాటిలో ఆ దీవులు ఉండవు, ఉన్నా చెన్నై పక్కనే రెండు చుక్కలు పెట్టేస్తారు. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పుడు దాని పేరు శ్రీవిజయపురం) సుమారు 1,360 కిలోమీటర్లు, అంటే మన గ్రౌండ్ మీద ఒక మీటర్ 36 సెంటీమీటర్లు అవతల. అక్కడ ఒక పిల్లని నిలబెట్టండి. పోర్ట్‌బ్లెయిర్‌లో మన శ్రీకాకుళం, విశాఖ నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, అది కూడా చెప్పండి.

తర్వాత: ఆ వాన ఎక్కడి నుంచి వస్తోంది

ఇక్కడ పుస్తకం కంటే ముందు పిల్లల ఇంట్లో వాళ్ల కార్తెలు అందుకోండి. రోహిణి కార్తెలో రోళ్లు పగుల్తాయి అంటారు, అది మే ఆఖరు, జూన్ మొదటి వారం. ఆ తర్వాత మృగశిర, సరిగ్గా రుతుపవనం మన రాష్ట్రాల్లోకి వచ్చే రోజులు. కేరళకి మామూలుగా జూన్ 1కి వస్తుంది, అక్కడి నుంచి మన దగ్గరికి వారం పది రోజులు. రైతు పెట్టుకున్న 27 కార్తెల క్యాలెండర్, వాతావరణ శాఖ క్యాలెండర్ పక్కపక్కన గోడ మీద అంటించి పోల్చమనండి. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు అని చెప్తే, ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడేది మూఢనమ్మకం కాదని, వాన లెక్క అని తెలుస్తుంది.

వర్షమాపకం కొనక్కర్లేదు. పక్కలు నిటారుగా ఉన్న స్టీలు డబ్బా ఒకటి చెట్లకీ గోడలకీ దూరంగా ఇటుకల మధ్య పెట్టండి, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలిచి రాయాలి, పారబోయాలి. వాతావరణ శాఖ కూడా ఉదయం ఎనిమిదిన్నరకే కొలుస్తుంది కాబట్టి పేపర్లో వచ్చే అంకెతో పోల్చుకోవచ్చు. ఒక చదరపు మీటర్ మీద 1 మిల్లీమీటర్ పడితే 1 లీటర్ నీళ్లు, ఇది తెలిస్తే మన స్కూల్ డాబా 100 చదరపు మీటర్లైతే 10 మిల్లీమీటర్ల వానకి వెయ్యి లీటర్లు అని వాళ్లే లెక్కేస్తారు. జూన్ నుంచి డిసెంబర్ దాకా ఆపకుండా రాయించండి, మధ్యలో ఆపితే వృథా. ఎందుకంటే తెలంగాణలో ఎక్కువ వాన జూన్ నుంచి సెప్టెంబర్ లోపు పడుతుంది, నెల్లూరు వైపు అక్టోబర్, నవంబర్ వానలే చెరువులు నింపుతాయి. వేరే జిల్లాలో మీ ఫ్రెండ్ ఎవరైనా టీచర్‌గా ఉంటే ఆ స్కూల్ పిల్లలతో లెక్కలు మార్చుకోండి, ఈశాన్య రుతుపవనం అంటే ఏంటో ఆ రెండు కాగితాలు చెప్పేస్తాయి.

అనంతపురంలో ఏడాదికి 55 సెంటీమీటర్లు అటూఇటుగా పడుతుంది, అదే పడమటి కనుమల మీద అగుంబెలో 700 సెంటీమీటర్లు దాటుతుంది. మట్టి మ్యాప్ దగ్గరికి మళ్లీ తీసుకెళ్లి అరేబియా సముద్రం వైపు నుంచి తడిగుడ్డ పట్టుకుని వచ్చి కనుమల మీద పిండమనండి. ఇవతల ఏం మిగిలింది? అదే వర్షచ్ఛాయ. పుస్తకంలో మేఘాలయలో మాసిన్రామ్ ఉంటుంది, అది కూడా అదే లెక్క, బంగాళాఖాతం గాలి గరాటులాంటి కొండల మధ్యకి దూరి, వేరే దారి లేక పైకి ఎక్కి చల్లబడి కుమ్మరించేస్తుంది.

తుఫాను పాఠం దగ్గర నెమ్మదిగా వెళ్లండి. కోస్తా పిల్లలైతే ఇంట్లో అడిగి రమ్మనండి, 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన గుర్తున్న తాతమ్మలు ఇంకా ఉన్నారు, విశాఖ పిల్లల ఇళ్లల్లో 2014 అక్టోబర్ 12 హుద్‌హుద్ గురించి అందరూ చెప్తారు. ఆప్తుల్ని పోగొట్టుకున్న ఇల్లైతే వద్దని ముందే చెప్పండి, పిల్లని ఇబ్బంది పెట్టి రాబట్టాల్సిన సమాచారం ఏదీ లేదు.

నేల, రాయి

ఒక్కో పిల్ల ఇంటి నుంచో పొలం నుంచో గుప్పెడు మట్టి తేవాలి. గాజు గ్లాసుల్లో వేసి నీళ్లు పోయండి, నల్లరేగడి ఉబ్బి నీళ్లు పట్టుకుంటుంది, ఎర్ర చెలక మట్టిలోంచి వెంటనే దిగిపోతుంది. ఎండలో పెడితే రేగడి నెర్రెలు విచ్చుతుంది. ఇక్కడ పిల్లలకి ఒక మాట తప్పకుండా చెప్పండి, ఇంగ్లిష్ జాగ్రఫీ పుస్తకాల్లో నల్లనేలకి రెగర్ అని రాస్తారు, ఆ మాట మన రేగడి నుంచే పోయింది. మన రైతు పెట్టిన పేరు లోకమంతా చదువుతోంది.

రాయి కోసం బయటికి పోనక్కర్లేదు. వంటింట్లో గట్టు మీద నల్ల కడప బండ, వరండాలో తాండూరు బండ, హైదరాబాద్ గుట్టల గ్రానైటు, ఇవన్నీ చేతికి అందుతాయి. కడప బండ, తాండూరు బండ నీళ్ల అడుగున పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడ్డ సున్నపురాళ్లు అని చెప్పి, అంచు వైపు ఆ పొరలు చూపించండి. బొగ్గుకి సింగరేణి. ప్రాణహిత గోదావరి లోయ వెంబడి కొత్తగూడెం, రామగుండం గనులు ఎందుకు వరసగా ఉన్నాయో మట్టి మ్యాప్‌లో గోదావరి గాడి వెంట బొగ్గు ముక్కలు పెడితే కనబడుతుంది. ఆ బొగ్గు రాళ్లని గోండ్వానా శిలలు అంటారు, గోండులు ఉండే ప్రాంతం పేరు మీద వచ్చిన మాట అది. దక్షిణ ఖండాలన్నీ కలిసి ఉన్న పాత మహాఖండానికీ అదే పేరు పెట్టారు. ఆదిలాబాద్ వైపు స్కూళ్లలో గోండు పిల్లలు మీ ముందే కూర్చుని ఉంటారు, ఈ విషయం వాళ్లకి చెప్పకుండా ఆ పాఠం దాటించకండి. నేను చెప్పిన ఏడాది ఒక అమ్మాయి ఆ పేజీ ఇంటికి తీసుకెళ్లి వాళ్ల నాన్నకి చదివి వినిపించింది.

ఇప్పుడు చెప్పండి అక్షాంశాలు, రేఖాంశాలు

ఆగస్టులో ఒక మంచి అవకాశం ఉంది. మన రెండు రాష్ట్రాలూ కర్కటరేఖకి దక్షిణాన ఉన్నాయి కాబట్టి సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నెత్తి మీదకి వస్తాడు. హైదరాబాద్‌కి మే 9, ఆగస్టు 3. మేలో ఎలాగూ సెలవలు, ఆగస్టుది వదలొద్దు. ఒంగోలు వైపు ఆగస్టు 10 అటూఇటుగా, తిరుపతికి మూడో వారంలో. ముందు వారం రోజుల నుంచి గ్రౌండ్‌లో నిటారుగా ఒక కర్ర పాతి మధ్యాహ్నం పన్నెండు దాటాక నీడ కొలిపించండి, ఆ రోజు నీడ కర్ర కిందే దాక్కుంటుంది. అదే రోజు ఢిల్లీలో నీడ పోతుందా అని అడగండి. పోదు, ఢిల్లీ కర్కటరేఖకి పైన ఉంది. అక్షాంశం అంటే గీత కాదని, సూర్యుడు మన నెత్తికి ఎంత వాలుగా ఉంటాడో చెప్పే కొలత అని అప్పుడు అర్థమవుతుంది.

రేఖాంశాలకి ఫోన్ చాలు. మా క్లాసులో ఇద్దరి నాన్నలు ఆర్మీలో ఉండేవాళ్లు, ఒకరు అరుణాచల్లో, ఒకరు గుజరాత్‌లో. ఒకే రోజు పొద్దు ఎన్నింటికి పొడిచింది అని అడిగించా, దాదాపు రెండు గంటల తేడా వచ్చింది. 30 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు, 120 నిమిషాలు అని బోర్డు మీద రాసేసరికి పిల్లలే చప్పట్లు కొట్టారు. మరి ఇద్దరి వాచీల్లో టైం ఒకటే ఎందుకు? దేశమంతటికీ ఒకే టైం లెక్కగట్టే 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం దగ్గరికి అలా వచ్చేస్తారు. అది మీర్జాపూర్ మీదుగా పోతుందని పుస్తకంలో ఉంటుంది, మన కాకినాడ, తుని పక్కగా కూడా పోతుందని మీరు చెప్పండి.

రాష్ట్రాలు, సరిహద్దులు, తీరం

దీని మీద ఎక్కువ రాయను. స్కూల్లో పాత గోడ మ్యాపు ఉంటే పారేయకండి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉన్న మ్యాపు పక్కన కొత్తది పెట్టి తేడాలు వెతికించండి. 2014 జూన్ 2 (తెలంగాణ ఏర్పడిన రోజు), 2019 అక్టోబర్ 31 (జమ్మూ కాశ్మీర్, లడఖ్ విడివిడి కేంద్రపాలిత ప్రాంతాలైన రోజు), 2020 జనవరి 26 (దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూ ఒకటైన రోజు), ఈ మూడు తేదీలు పట్టుకుంటే ఇప్పుడున్న 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాల లెక్క తేలిపోతుంది. కేంద్రపాలిత ప్రాంతం అనగానే యానాం చెప్పండి, కాకినాడ పక్కన గోదావరి ఒడ్డున ఉండి పుదుచ్చేరి కిందకి ఎందుకు వస్తుంది అనే ప్రశ్నకి ఫ్రెంచివాళ్ల చరిత్ర కూడా వచ్చేస్తుంది. క్లాసులో ప్రతి పిల్ల చుట్టాలు పని కోసం ఎక్కడున్నారో మ్యాప్ మీద గుచ్చమనండి, బెంగుళూరు, చెన్నై, సూరత్, ముంబై భీవండి, ఏ ఊరికి ఏ పనికి పోయారో పక్కన రాస్తే వలస పాఠం సగం అయిపోయినట్టే.

తీరం పొడవు మాత్రం ఒక్క పీరియడ్ పెట్టదగ్గది. మనం చదువుకున్నప్పుడు 7,516.6 కిలోమీటర్లు, ఇప్పుడు కొత్త లెక్క 11,098.81 కిలోమీటర్లు. ఆంధ్ర తీరం 974 నుంచి 1,053కి పెరిగింది. సముద్రం పెరిగిందా సార్ అని అడుగుతారు. చిన్న స్కేలు మ్యాప్, పెద్ద స్కేలు మ్యాప్ రెండిట్లో కాకినాడ నుంచి మచిలీపట్నం దాకా తీరం మీద దారం పరిచి కొలిపించండి, వంపులు ఎంత వివరంగా కనబడితే దారం అంత ఎక్కువ పడుతుంది. కొత్త కొలతలో జరిగింది అదే, ఇదివరకటి కంటే చాలా వివరమైన మ్యాపుల మీద కొలిచారు. పరీక్షలో మాత్రం వాళ్ల పుస్తకంలో ఏ అంకె ఉంటే అదే రాయమని స్పష్టంగా చెప్పండి, కాంచనగంగ ఎత్తు కూడా ఒక చోట 8,586, ఇంకో చోట 8,598 అని ఉంటుంది, మార్కుల దగ్గర పిల్లలు నష్టపోకూడదు.

మ్యాప్ పాయింటింగ్

రోజూ పీరియడ్ చివర అయిదు నిమిషాలు, వారానికి ఒకరోజు గంట కాదు. ఖాళీ అవుట్‌లైన్ మీద ముందు పెన్సిల్‌తో కర్కటరేఖ, 82 డిగ్రీల 30 నిమిషాల గీత సన్నగా వేసుకోవాలి, ఈ రెండూ పడితే ఇండియా నాలుగు ముక్కలవుతుంది, ఏ ఊరు ఏ ముక్కలో ఉందో తెలిస్తే చుక్క పెద్దగా తప్పదు. తర్వాత నదులు, ఎప్పుడూ పుట్టిన చోటు నుంచి సముద్రం వైపే గీయాలి, నీళ్లు పారినట్టు. వెనక నుంచి గీసే పిల్లలు ఉపనదిని తప్పు దిక్కున కలుపుతారు. ఊళ్లని నదుల మీద పెట్టమనండి, గాల్లో కాదు. రంగులు, మెరుపు పెన్నులు వద్దు.

పరీక్ష పేపర్ మీరే పెట్టుకునే ఫార్మేటివ్‌లలో ఇలాంటి ప్రశ్న ఒకటి వేయండి: మీ ఇంటి చూరు మీద పడ్డ వాన చుక్క సముద్రం చేరేదాకా ఏ నేలలు, ఏ పంటలు, ఏ ఊళ్లు, ఏ ఆనకట్టలు దాటుతుందో రాయండి, దారి మ్యాప్ గీయండి. దీనికి గైడ్‌లో జవాబు దొరకదు. భాషలో తప్పులకి మార్కులు కోయొద్దు, దారి సరిగ్గా ఉందా, కారణం చెప్పారా చూడండి. తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంకి మారిన పిల్లలుంటే పదాలు రెండు భాషల్లో గోడ మీద రాసి ఉంచండి, ఆలోచన తెలిసి కూడా మాట రాక ఆగిపోయే పిల్లల్ని నేను చాలామందిని చూశా.

మట్టి మ్యాప్‌ని పని అయిపోయిందని పారతో ఎత్తించేయకండి. తడవకుండా మీద ఏదైనా కప్పి ఉంచితే అది తీసేసి ఒక పెద్ద వానకి వదిలేయండి. మర్నాడు పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి, హిమాలయాలు కరిగి గంగా మైదానం మీదకి జారి ఉంటాయి, పీఠభూమి మట్టి గాళ్ల వెంట కొట్టుకొచ్చి తూర్పు అంచున విసనకర్రలా పరుచుకుని ఉంటుంది. అది కోనసీమ ఎలా పుట్టిందో చూపిస్తోంది. మీరేం చెప్పకుండా ముందు వాళ్లనే అడగండి, ఈ మట్టి ఎక్కడిది, ఇక్కడికి ఎందుకొచ్చింది అని.